ఇంటిబడి నడిపే అమ్మకు ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నామని చెబితే మా తిరుపతిలో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఇదెక్కడి కొత్త ఆలోచనమ్మా?" అని. రెండోది, "మన పెద్దలంతా ఇంట్లోనే కదా నేర్చుకున్నారు, ఇందులో అంత కష్టమేముంది?" అని. మొదటి మాటకు జవాబు చెప్పడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది. రెండో మాటే చాలా రోజులు నన్ను వదల్లేదు.

నిజంగానే పూర్వం అందరూ ఇంట్లోనే నేర్చుకుని ఉంటే, ఆ ఇళ్లలోని అమ్మలకు అంత ఓపిక ఎక్కడిది? ఇంటిబడి నడిపే ఏ తల్లి రోజైనా దాదాపు ఒకేలా ఉంటుంది. పొద్దున్నే టిఫిను, వంట. మధ్యలో పెద్దదానికి భిన్నాలు, చిన్నవాడికి గుణింతాలు. ఒకరు రాస్తుంటే ఇంకొకరు అలుగుతారు. సాయంత్రం బట్టలు మడతపెట్టే వేళకు ఒంట్లో సత్తువ ఉండదు. పిల్లలు నేర్చుకుంటున్నారన్న సంతోషం ఉంటుంది. కానీ గిన్నెలు తోముతున్నప్పుడు "మరి నా సంగతేమిటి?" అనే ప్రశ్న ఒకటి మెల్లగా వచ్చి పక్కన నిలబడుతుంది.

ఈ ప్రశ్నకు సలహాలకేం కొదవలేదు. రోజూ పది నిమిషాలు ధ్యానం చెయ్యండి, నడవండి, నీళ్లు తాగండి అంటారు. అన్నీ మంచివే. అయితే నాకు మాత్రం, మన ప్రాంతంలో ఇళ్లలో చదువు ఎలా నడిచిందో, అందులో ఆడవాళ్లు ఎలా నిలబడ్డారో వెనక్కి వెళ్లి చూడాలనిపించింది. చూశాక తెలిసిన సంగతులు కొన్ని ఓదార్పునిచ్చాయి. కొన్ని కళ్లు తెరిపించాయి. అవే మీతో పంచుకుంటున్నాను.

లెక్కకు రాని చదువు

తిరుమలలో మన్రో గంగాళం పేరు విననివాళ్లు మనలో తక్కువ. ఆ మన్రో, అంటే సర్ థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగా ఉండగా 1822లో తన ఏలుబడిలోని జిల్లాలన్నిటి నుంచీ ఒక లెక్క అడిగాడు. ఎన్ని బడులున్నాయి, ఎంతమంది పిల్లలు చదువుతున్నారు, ఏం చదువుతున్నారు అని. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం, మదనపల్లె కడప జిల్లాలోది. ఈ రెండు వైపుల తాలూకాలనూ కలిపి చిత్తూరు జిల్లాగా చేసింది 1911లో.

మన్రోకు వచ్చిన జవాబుల్లో చాలా వివరంగా ఉన్నది మన సీమ నుంచే వెళ్లింది. రాసినవాడు బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్. ఇప్పటి అనంతపురం అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఈయన అంతకు ముందే 1816లో తెలుగు వ్యాకరణం రాసినవాడు కాబట్టి మన బడుల్ని దగ్గరగానే చూశాడు. 1823లో ఆయన రాసిన నివేదికలో వీధిబడి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పిల్లలకు అయిదో ఏట అక్షరాభ్యాసం. పొద్దున ఆరింటికల్లా బడి. అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాళ్లకు ఒక్కొక్కటీ పెరుగుతుంది. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం, అన్నీ రాశాడు.

ఆ నివేదికలో ఒక అంకె దగ్గర నేను ఆగిపోయాను. జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. నూటికి ఒక్కరు కూడా కాదు.

మన్రో 1826లో అన్ని జిల్లాల లెక్కలూ కలిపి చూశాడు. 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. కానీ ఇళ్లలో చదివేవాళ్లను ఒక్క మద్రాసు పట్నంలో తప్ప ఎక్కడా లెక్కపెట్టలేదు. మద్రాసులో బడికి వెళ్లేవాళ్లు 5,523 మంది అయితే, ఇంట్లో చదువుకునేవాళ్లు 26,963 మంది అని వచ్చింది. ఈ అంకెలో ఏదో పొరపాటు ఉండవచ్చని మన్రోకే అనుమానం వచ్చింది. అయినా ఇళ్లలో బంధువుల దగ్గరా, జీతానికి పెట్టుకున్న పంతుళ్ల దగ్గరా నేర్చుకునేవాళ్లు తక్కువేమీ కాదని ఒప్పుకున్నాడు. ఆ సంగతి దృష్టిలో పెట్టుకునే, చదువుకుంటున్న మగపిల్లలు నాలుగో వంతు కంటే మూడో వంతుకు దగ్గరగా ఉంటారని లెక్క వేశాడు.

దీన్నిబట్టి రెండు సంగతులు అర్థమయ్యాయి. "పూర్వం ఇంట్లోనే నేర్చుకున్నారు" అనే మాట అబద్ధం కాదు. కానీ అది చాలావరకు మగపిల్లల చదువు. అదీ కొన్ని కులాల ఇళ్లలోని మగపిల్లల చదువు. చెప్పేవాళ్లలో తండ్రి, తాత, పెదనాన్న, మేనమామ, ఇంటికి వచ్చే పంతులు ఉండేవాళ్లు. ఒక్క తల్లే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్ని పాఠాలూ చెప్పి, వంటా చేసి, పరీక్షలూ పెట్టడం ఆనాటి పద్ధతి కాదు. చాలామంది తల్లులకు అక్షరాలే చెప్పలేదు కదా.

కాబట్టి "మన అమ్మమ్మలు చెయ్యలేదా?" అని ఎవరైనా అంటే, ఇప్పుడు మనం చేస్తున్న ఈ పని ఇదే రూపంలో వాళ్లు చెయ్యలేదు అని నిదానంగా చెప్పొచ్చు. ఒక ఊరూ ఒక ఉమ్మడి కుటుంబమూ కలిసి మోసిన బరువును ఇప్పుడు ఒక అపార్టుమెంటులో ఒక్క మనిషి మోస్తోంది. అలసట రావడంలో వింతేముంది? అది మన చేతకానితనం కాదు.

తన పని తనకున్న ఆడవాళ్లు

మరి అక్షరాలే దక్కని కాలంలో చదువుతో బతికిన ఆడవాళ్లు లేరా? మన కొండ చుట్టూనే ఉన్నారు.

తాళ్లపాక అన్నమయ్య (1408-1503) గురించి మనకు చెప్పేవాళ్లు అక్కర్లేదు. కానీ ఆ ఇంటి సంగతి ఒకసారి ఇంకో వైపు నుంచి చూడండి. ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు కవి. మనవళ్లు చిన తిరుమలాచార్యులు, చిన్నన్న కవులు. మూడు తరాలు ఒకే ఇంట్లో పాటా పద్యమూ చేతికందించుకున్నాయంటే, అదొక ఇంటిబడే. ఆ ఇంటి కోడలు తిమ్మక్క, అన్నమయ్య భార్య, సుభద్రా కల్యాణం అనే ద్విపద కావ్యం రాసింది. తెలుగులో తొలి కవయిత్రిగా ఆమెనే చెప్పుకుంటాం.

తిమ్మక్క ఎంచుకున్న కథ చూడండి. అన్న బలరాముడు దుర్యోధనుడికి ఇవ్వాలనుకుంటే, సుభద్ర తన మనసులో ఉన్న అర్జునుణ్ణి చేసుకున్న కథ. ఇల్లంతా కొండమీది స్వామికి సంకీర్తనలు కట్టే పనిలో ఉంటే, ఆ ఇంటి ఇల్లాలు తనకు నచ్చిన కథ తీసుకుని, పాడుకోవడానికి వీలైన ద్విపదలో తన కావ్యం తాను రాసుకుంది. భర్త పనికి సాయం చెయ్యడం ఒకటి. తన పని తాను చేసుకోవడం ఇంకొకటి. తిమ్మక్క పేరు ఈనాటికీ మిగిలింది ఆ రెండో పని వల్ల.

దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత తరిగొండలో వెంగమాంబ (1730-1817) పుట్టింది. చిన్నప్పుడే పెళ్లి, చిన్నప్పుడే వైధవ్యం. గుండు చేయించుకోమంటే ఒప్పుకోలేదు. చిన్నతనంలో ఏ గురువూ తనకు ఓనమాలు సైతం నేర్పలేదని ఆమె తన కావ్యాల్లోనే చెప్పుకుంది. తర్వాత మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికుల దగ్గర నేర్చుకుంది. ఆ పైన ఆమె రాసినవి చూడండి: తరిగొండ నృసింహ శతకం, రాజయోగామృత సారం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, వేంకటాచల మాహాత్మ్యం, ఇంకా యక్షగానాలు. కొండమీదికి వచ్చాక కూడా ఊరకే వదల్లేదు లోకం. ఆమె మాత్రం రాస్తూనే ఉంది. ఇవాళ తిరుమలలో మనం కూర్చుని అన్నప్రసాదం తినే భవనానికి ఆమె పేరే ఉంది. కానీ ఆమె రాసిన పుస్తకాల పేర్లు అడిగితే మనలో ఎంతమందిమి చెప్పగలం?

వెంగమాంబ పోయింది 1817లో. క్యాంబెల్ ఆ అరవై మంది ఆడపిల్లల్ని లెక్కపెట్టింది ఆరేళ్ల తర్వాత. అంటే ఏ బడి లెక్కలోనూ లేని చదువు ఈమెది.

నిజమే, వెంగమాంబకు పిల్లలు లేరు, మనలాగా మూడు పూటలా పొయ్యి దగ్గర నిలబడే సంసారమూ లేదు. కాబట్టి ఆమెలా ఉండమని ఏ తల్లికీ చెప్పలేం. కానీ ఒక్క విషయం మాత్రం తీసుకోవచ్చు. ఈ ఇద్దరిలో ఎవరికీ చదువు ఇంకొకరికి అప్పజెప్పడానికి మాత్రమే కాదు. అది ముందు వాళ్లది. ఇంటిబడిలో మనం మెల్లగా పోగొట్టుకునేది సరిగ్గా ఇదే. పొద్దస్తమానం పుస్తకాల మధ్యే ఉంటాం. కానీ అవన్నీ రెండో తరగతివీ, అయిదో తరగతివీ. మన వయసుకూ మన ఆకలికీ తగిన పుస్తకం ఇంట్లో ఒక్కటీ తెరిచి ఉండదు.

మదనపల్లెలో ఒక జ్వరం పిల్లవాడు

ఇంట్లో పిల్లవాడికి చదివి వినిపించిన ఒక తల్లి కథ కూడా మన దగ్గరే ఉంది. మదనపల్లెలో 1895లో జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదో సంతానంగా ఒక మగపిల్లవాడు పుట్టాడు. దేవకి ఎనిమిదో బిడ్డ కృష్ణుడు కాబట్టి కృష్ణమూర్తి అని పేరు పెట్టారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి, బదిలీల ఉద్యోగం. కడపలో ఉన్నప్పుడు అక్కడ మలేరియా ఎక్కువ. ఈ పిల్లవాడికి జ్వరం వస్తూ పోతూ ఉండేది. ఒక ఏడాదంతా బడికే వెళ్లలేకపోయాడు. వెళ్లినప్పుడు మాత్రం ఏం సుఖం? ఎక్కడో చూస్తూ కూర్చునే ఈ పిల్లవాణ్ణి పంతుళ్లు మందబుద్ధి అనుకున్నారు, దెబ్బలు కొట్టారు.

అదే పిల్లవాడు పద్దెనిమిదేళ్ల వయసులో, 1913లో, తన చిన్నతనం గురించి రాసుకున్నాడు. అందులో సంతోషమైన జ్ఞాపకాలన్నీ తల్లి చుట్టూనే ఉన్నాయి. జ్వరం వల్ల బడికి పోని రోజుల్లో ఆమె పూజ గదిలో ఉంటే తానూ అక్కడే కూర్చునేవాడు. ఆ గదిలో దేవుడి పటాలతో పాటు అనీబిసెంటు ఫొటో కూడా ఉండేది. ఆమె భారతం, రామాయణం చదివి వినిపించేది. కర్మ గురించీ పునర్జన్మ గురించీ మాట్లాడేది. ఏడెనిమిదేళ్ల వయసులో తనకు చాలా సంగతులు అర్థం కాలేదనీ, అర్థం కాకపోయినా లోపల ఏదో తెలిసినట్టు ఉండేదనీ రాశాడు.

నేను ఈ సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. ఏడేళ్ల పిల్లవాడికి పునర్జన్మ పాఠం ఏ సిలబస్‌లో ఉంటుంది? సంజీవమ్మ పాఠం చెప్పలేదు. తాను చదువుకుంటున్నది, తాను నమ్ముతున్నది, తన మనసు తిరుగుతున్నది ఏదైతే ఉందో, దాన్ని పక్కన కూర్చున్న పిల్లవాడితో పంచుకుంది. ఆమె ఆసక్తి ముందు, పిల్లవాడి చదువు దాని వెనక. ఆ గదిలో ఆమె ఇవ్వడమే కాదు, తనకు కావలసినదీ తీసుకుంటోంది.

అయితే దీన్ని తియ్యటి కథగా చెప్పి వదిలేయకూడదు. అంతమంది పిల్లల్ని కని, బదిలీల వెంట ఊళ్లు తిరిగి, జ్వరాల మధ్య సంసారం ఈదిన సంజీవమ్మ 1905లోనే చనిపోయింది. కొడుక్కి అప్పటికి పదేళ్లు. తెలిసినవాళ్లకు ఆమె ఫలానా వారి తల్లిగానే తెలుసు. ఆ గదిలో ఆమె చదువుకున్న పుస్తకాల గురించి ఆమె మాటల్లోనే ఏదైనా ఉంటే ఎంత బాగుండేది! పిల్లల కోసం అంతా ఖర్చుపెట్టేసే తల్లుల్ని మనం ఎంత పొగుడుతామో, వాళ్ల సొంత మాటను దాచుకోవడంలో అంత నిర్లక్ష్యంగా ఉన్నాం.

కలుసుకునే చోటు

తర్వాత పదేళ్లకు అదే మదనపల్లెకు మార్గరెట్ కజిన్స్ వచ్చింది. ఐర్లండులో సంగీతం చదివిన మనిషి. అనీబిసెంటు 1915లో మొదలుపెట్టిన కాలేజీలో ఆమె భర్త జేమ్స్ కజిన్స్ పనిచేశాడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చినప్పుడు జనగణమన బాణీకి స్వరాలు రాసింది ఈమే. ఈ సంగతి మనకందరికీ తెలిసిందే, బడి పిల్లలకు కూడా చెబుతాం.

అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటి. మదనపల్లెలో ఆమె అక్కడి ఆడవాళ్లను కూడగట్టి అబలా అభివర్ధనీ సమాజం నడిపింది. ఇల్లు దాటి ఒక చోట కూర్చుని మాట్లాడుకోవడం, నేర్చుకోవడం. వినడానికి ఇంతే. కానీ ఇల్లే లోకమైన ఆడవాళ్లకు అది చిన్న విషయం కాదు. 1917లో అడయారులో మహిళా భారత సంఘం పుట్టినప్పుడు దాని వెనక ఉన్నవాళ్లలో ఈమె ఒకరు. 1927లో పుణెలో అఖిల భారత మహిళా సభ మొదటిసారి కూడింది ఆడపిల్లల చదువు గురించి మాట్లాడడానికే. దానికి నడుం కట్టిందీ ఈమే. అంత పెద్ద ప్రయాణానికి ముందు మన మదనపల్లెలో కొందరు ఆడవాళ్లు ఒక గదిలో కలుసుకున్న రోజులు ఉన్నాయి.

మన కాలానికి ఇంకొంచెం దగ్గరగా వస్తే, 1990ల మొదట్లో మన చిత్తూరు, పక్కన నెల్లూరు జిల్లాల్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. కూలికి పోయి వచ్చి, సంగటి కెలికి, పిలకాయలకు పెట్టి, రాత్రి లాంతరు వెలుతురులో పలక పట్టుకున్న ఆడవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అలా కూడి చదువుకున్న ఆడవాళ్లు సీతమ్మ కథ పాఠం చదివి, అది తమ కథే అనుకుని, 1992లో ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకిన ఉద్యమమైంది. రోజంతా ఒళ్లు విరిగేలా పనిచేసిన మనిషికి రాత్రిపూట పలక పట్టే ఓపిక ఎలా వచ్చింది? విశ్రాంతి దొరికినందువల్ల కాదు. తన కోసం ఒకటి నేర్చుకుంటున్నందువల్ల, పక్కన ఇంకో పది మంది కూర్చున్నందువల్ల.

ఇంటిబడి అమ్మలకు ఇప్పుడు లేనిది ఇదే. బడి పంతులమ్మకు స్టాఫు రూము ఉంటుంది. టీ తాగుతూ, "ఈ రోజు నా క్లాసులో ఏం జరిగిందో తెలుసా?" అని చెప్పుకునేందుకు తోటి మనిషి ఉంటుంది. మనకు అది లేదు. సాయంత్రం మావారు వచ్చేదాకా పెద్దవాళ్లతో పెద్దవాళ్ల మాట ఒక్కటీ మాట్లాడని రోజులు నాకెన్నో గడిచాయి.

ఒక్క పంతులు, పది వయసుల పిల్లలు

ఇక బరువు దించుకునే సంగతి. మలేరియాతో బడికి పోని ఆ పిల్లవాడు పెద్దవాడై, ప్రపంచమంతా తెలిసిన జె. కృష్ణమూర్తి అయి, తాను పుట్టిన మదనపల్లెకు దగ్గర్లోనే పెద్ద మర్రిచెట్టున్న ఒక లోయను బడి కోసం ఎంచుకున్నాడు. అదే రిషివ్యాలీ. దెబ్బలు తిన్న పిల్లవాడు భయం లేని చదువు కోసం బడి పెట్టాడన్నది అందరూ చెప్పేదే. నాకు అంతకంటే పనికొచ్చింది ఆ బడి చుట్టుపక్కల పల్లెల్లో జరిగిన పని.

1980ల నుంచి ఎ. రమ, వై.ఎ. పద్మనాభరావు దంపతులు రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం తరఫున పల్లెల్లో ఒంటి పంతులు బడులు నడిపారు. ఒకే గది, ఒకే పంతులు, వేరువేరు వయసుల పిల్లలు. మన ఇంటిబడి లాంటి పరిస్థితే. వాళ్లు పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, ఒక నిచ్చెనలా వరుస కట్టారు. ప్రతి పిల్లా తన మెట్టు దగ్గర్నుంచి తన వేగంతో ఎక్కుతుంది. పిల్లలు నాలుగు జట్లుగా కూర్చుంటారు. ఒక జట్టుకు పంతులు పూర్తిగా పక్కనుండాలి. ఇంకో జట్టుకు కొంచెం సాయం చాలు. మూడో జట్టులో పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు. నాలుగో జట్టు ఎవరి పని వాళ్లు సొంతంగా చేసుకుంటారు. ఈ పద్ధతి తర్వాత పక్క రాష్ట్రం తమిళనాడు ప్రభుత్వ బడుల దాకా వెళ్లింది.

ఇందులో నాకు నచ్చిన మాట ఒకటే. పంతులు అందరి పక్కనా అన్ని వేళలా ఉండక్కర్లేదు. ఎవరికి ఎప్పుడు అవసరమో అక్కడ ఉంటే చాలు. ఇది మన సీమకు కొత్త కూడా కాదు. క్యాంబెల్ చూసిన వీధిబడిలో పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పలేదా? అంతకు ముందే మద్రాసు అనాథ పిల్లల బడిలో పనిచేసిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతి చూసి, 1797లో దాని గురించి పుస్తకం వేస్తే, ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి అనే పేరొచ్చింది. అరుగు మీద మన పిలకాయలు చేసింది సముద్రం దాటింది. మనం మాత్రం ఇంట్లో పెద్దదాన్ని ఒక గదిలో, చిన్నవాణ్ణి ఇంకో గదిలో పెట్టి మధ్యలో పరిగెడుతున్నాం.

ఇవన్నీ కలిపి చూస్తే

చరిత్రలో ఒక బంగారు కాలం ఉంది, అక్కడికి పోతే అలసట పోతుంది అని నేను చెప్పలేను. అరవై మంది ఆడపిల్లల కాలానికి ఎవరు వెళ్తారు? కానీ నిలబడిన ఆడవాళ్ల దగ్గర మూడు సంగతులు కనిపిస్తున్నాయి. తనదంటూ ఒక చదువు. కలుసుకునేందుకు మనుషులు. బరువు పంచుకునే పద్ధతి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మిగతా రెండూ ఎక్కువ రోజులు ఆదుకోవు.

మా ఇంట్లో వీటిని ఎలా అమలు చేస్తున్నామో చెబుతాను. గొప్పేం లేదు. పదకొండింటికి అరగంట "అమ్మ చదువు". నేను నా పుస్తకం పట్టుకుని కూర్చుంటాను, పిల్లలు పక్కన వాళ్లకు నచ్చింది చదువుకుంటారు. ఆ అరగంటలో సందేహాలు లేవు, మంచినీళ్లు కూడా ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ఇప్పుడు నేను చదువుతున్నది వెంగమాంబ వేంకటాచల మాహాత్మ్యం. నెమ్మదిగా, నిఘంటువు పక్కన పెట్టుకుని. నేను ఒక మాట దగ్గర తడబడి వెతుక్కోవడం పిల్లలు చూస్తారు. నేను చెప్పిన పాఠాలన్నిటికంటే అదే వాళ్లకు ఎక్కువ నేర్పుతోందని నాకనిపిస్తుంది.

మధ్యాహ్నం పెద్దది చిన్నవాడికి లెక్కలు చెబుతుంది. చెప్పేటప్పుడే దానికి తన ఎక్కాలు గట్టిపడుతున్నాయి. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు, కానీ కందులకూ ఉలవలకూ తేడా దగ్గర్నుంచి, గంగజాతర ఏ రోజు ఏ వేషమో దాకా ఆవిడ దగ్గర ఉన్నది ఏ పుస్తకంలోనూ లేదు. వారానికి రెండు పూటలు పిల్లలు ఆవిడవాళ్లు. ఆదివారం సైన్సు వాళ్ల నాన్నది. "నువ్వే బాగా చెబుతావు" అని మావారు తప్పించుకోబోతే, "మీరు కొంచెం తక్కువ బాగా చెప్పినా పర్లేదు" అన్నాను. నెలకొకసారి ఇంటిబడి నడిపే నాలుగు కుటుంబాలం కపిలతీర్థం దగ్గరో, ఎవరో ఒకరి ఇంట్లోనో కలుస్తాం. పిల్లలు ఆడుకుంటారు. మేము పిల్లల చదువు గురించి తప్ప మిగతావన్నీ మాట్లాడుకోవాలని నియమం. ప్రతిసారీ ఎవరో ఒకరు తప్పుతూనే ఉంటారు, అది వేరే సంగతి.

బయట దారులు కూడా మన కాలంలో తెరుచుకున్నాయి. పిల్లలు పద్నాలుగేళ్లు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయొచ్చు. అది 1989 నుంచీ ఉంది. కాబట్టి రోజూ బడి గంటలు కొట్టుకుంటూ అయిదో తరగతికే పరీక్షల భయం పెంచుకోనక్కర్లేదు. పిల్లలకే కాదు, తల్లులకూ దారి ఉంది. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే పెట్టారు. మధ్యలో చదువు ఆగిపోయిన ఎందరో ఆడవాళ్లు పిల్లల్ని పెంచుకుంటూనే అక్కడ డిగ్రీలు చేశారు. మన తిరుపతిలో 1983లో వచ్చిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం సరేసరి. 1823లో 6,641లో 60 అన్న అంకె చూసినప్పుడు, గేటు దగ్గర గుంపుగా నిలబడిన ఆ విద్యార్థినులే నా కళ్ల ముందు మెదిలారు.

ఇంకొక్క పని మొదలుపెట్టాను. రాత్రి పడుకునే ముందు నాలుగు వాక్యాలు రాసుకుంటున్నాను. పిల్లలు ఏం నేర్చుకున్నారో దానికి వేరే నోటుపుస్తకం ఉంది. ఇది నాది. ఇవాళ నేనేం చదివాను, దేనికి నవ్వాను, దేనికి విసుక్కున్నాను. సంజీవమ్మ చదివిన పుస్తకాల గురించి ఆమె కొడుకు రాస్తే తప్ప మనకు తెలియలేదు. నా సంగతి మా పిల్లలు రాస్తారో రాయరో తెలియదు. అందుకే నేనే రాసుకుంటున్నాను. ఈ వ్యాసంలో సగం ఆ నోటుపుస్తకంలోంచి వచ్చిందే.